కుంగిన కేకు

"ఇది కేకా, గుంటా?" అంటూ మేబెల్ తన కేకు ట్రేని కార్ఖానా బేకరీ బల్ల మీద ఠప్పున పెట్టింది. "కళ్లు పెట్టుకుని చూడు బిక్షం! అంచులేమో గోడల్లా నిలబడ్డాయి, నడుమేమో పాతాళానికి పోయింది!"

క్రిస్మస్ వస్తోందంటే ఆ చుట్టుపక్కల క్రైస్తవుల ఇళ్లలో కేకు పిండి కలపడం వరకే ఆడవాళ్ల పని. కాల్చడమంతా బిక్షం భట్టీదే. ట్రేకి పేరు చీటీ అంటించి ఇచ్చి, కాలాక వచ్చి తీసుకెళ్లాలి. మేబెల్ నిన్న ఇచ్చిన పిండికి ఇవాళ దక్కింది ఈ నిర్వాకం! సాయంత్రం చర్చిలో అందరి కేకులూ ఒకే బల్ల మీద పెడతారు. పక్కనే ఆడపడుచు దేవకృప కేకు ఉంటుంది. కిందటేడు "ఎండుద్రాక్షంతా అడుక్కే దిగిందేం మేబెల్?" అని పాస్టరమ్మగారి ముందే అడిగిన మహాతల్లి, ఈ గుంట చూసి ఊరుకుంటుందా?

బిక్షం నోరు తెరవబోయాడు. ఈలోగా మేబెల్ భర్త యెషయా అడ్డొచ్చాడు. ఆయన డిగ్రీ కాలేజీలో భూగర్భశాస్త్రం చెబుతాడు. కాలేజీలో చెప్పి ఊరుకుంటే ఏ గొడవా ఉండకపోను.

"పాపం అతన్నెందుకంటావు మేబెల్? ఇది ప్రకృతి ధర్మం. భూమి పైపొర రెండు పక్కలకీ సాగుతుంది. సాగితే పల్చబడుతుంది. ఆ పల్చబడ్డ చోటికి కింద నుంచి వేడి ఎగదన్నుతుంది. పైన పగుళ్లు పడతాయి, నడిమి ముక్క కిందికి జారుతుంది..."

"ఏమండీ, నేను కేకు గురించి మాట్లాడుతున్నాను."

"నేనూ దాని గురించే! అంతటితో అయిపోదు. సాగడం ఆగాక ఆ వేడి కోట్ల ఏళ్లపాటు మెల్లగా చల్లారుతుంది. చల్లారేకొద్దీ అడుగు రాయి ముడుచుకుని బరువెక్కి, ఇంకా కుంగుతుంది. మన గోదావరి లోయ సాగి కుంగిందే. అందులో పేరుకున్న చెట్టూ చేమా అడుగున మగ్గీ మగ్గీ సింగరేణి బొగ్గయ్యాయి."

"నా జీడిపప్పు కూడా బొగ్గయ్యేదాకా ఆగమంటారా?" మేబెల్‌కి ఒళ్లు మండిపోయింది. "పొద్దున లేస్తే ఇదే గోల! దుప్పటి ముడత పడితే హిమాలయాలు, చపాతీ పొంగితే అగ్నిపర్వతం! పెళ్లాం పరువు పోతుంటే కూడా గోదావరి లోయేనా? ఖర్మ, నా ఖర్మ!"

యెషయా ఇంకేదో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి బిక్షం వైపు తిరిగింది.

"నిజం చెప్పు. కేకు సగం కాలకముందే భట్టీ తలుపు తెరిచావు కదూ?"

"నేనెందుకు తెరుస్తనమ్మా!" బిక్షం ఇక ఆగలేకపోయాడు. "సారే గదా కాలేజీ పోరగాళ్లను తోల్కొచ్చి, 'పొంగుడు చూడున్రి, కుంగుడు చూడున్రి' అనుకుంట తలుపు తీసుడు, ఏసుడు! వద్దు సార్ అంటె సుత ఇనలే. ఇంకో బ్యాచి గిప్పుడే వస్తదంట. నాకు పరేషానైతాంది, జెర మీరన్న చెప్పున్రి."

యెషయా బేకరీ పైకప్పు వంక చూడటం మొదలుపెట్టాడు.

"మన కేకైతే... ఎవరూ ఏమనుకోరని..." అని గొణిగాడు.

మేబెల్ మొహం కందగడ్డయింది. ఇద్దరినీ కలిపి కడిగేయడానికి ఊపిరి బిగబట్టింది కూడా. అంతలో భట్టీ పక్కన కాలడానికి వరసగా పెట్టిన ట్రేల మీద ఆమె చూపు పడింది. వంగి చీటీలు ఒక్కొక్కటే చదివింది. తర్వాత స్టూలు లాక్కుని కూర్చుని, చీరకొంగుతో నింపాదిగా మొహం తుడుచుకుంది.

"పిల్లల చదువుకు మనం అడ్డుపడకూడదు బిక్షం," అంది ఎంతో మెత్తగా. "రానీ. ఈసారి మా దేవకృప వదిన ట్రే పెట్టి, తలుపు బార్లా తెరిచి చూపించు."