గీటురాయి అక్కర్లేని గొలుసు

“ఇది బంగారమని నీకెవురు సెప్పినారబ్బా?” అన్నాడు ధనంజయ, చచ్చిన ఎలకను తోక పట్టి ఎత్తినట్టు ఆ గొలుసును రెండు వేళ్లతో పైకెత్తి.

చిన్నబ్బ కౌంటరుకు ఇవతల నిలబడి ఉన్నాడు. పాకాల స్టేషను రోడ్డులో ఉన్న ఈ అంగడి గురించి అతనికి చెప్పినవాళ్లంతా ఒకటే మాట చెప్పారు. ధనంజయ పాత బంగారం కొంటాడు, బిల్లు అడగడు. వచ్చినవాణ్ణి పురుగును చూసినట్టు చూస్తాడని మాత్రం ఎవరూ చెప్పలేదు.

తిరుపతిలో సెకండ్‌హ్యాండ్ సామాన్లు అమ్మేచోట కొన్నానని, అమ్మినవాడు బంగారమే అన్నాడని చిన్నబ్బ నసిగాడు.

“ఆయప్ప సెప్పినాడు, ఈయప్ప నమ్మినాడు. రోల్డుగోల్డురా ఇది. లోపలంతా ఇత్తడి. పైన ఉల్లిపొరంత బంగారు రేకు.”

చిన్నబ్బకు ఒళ్లు మండింది. ధనంజయ అద్దం పెట్టి చూడలేదు, గీటురాయి తియ్యలేదు, గొలుసు చేతికి రాగానే తేల్చేశాడు. ఇట్లాంటి అంగళ్ల ఎత్తులు చిన్నబ్బకు తెలియనివి కావు. నిఖార్సయిన బంగారాన్ని కూడా గిల్టని ఈసడించి, అగ్గువకు కొట్టేస్తారు. అందుకే గీసి చూపించమని పట్టుబట్టాడు.

ధనంజయ విసుక్కుంటూ గొలుసును ఒకచోట ఆకురాయితో రుద్దాడు. రుద్దిన చోటును గీటురాయి మీద గీసి, ఆ గీత మీద యాసిడ్ చుక్క వేశాడు. గీత కాస్తా మాయమైపోయింది. చూశావా అన్నట్టు రాయిని చిన్నబ్బ ముక్కు కిందికి తోశాడు. ఆ సీసాలో ఏం పోసి పెట్టుకున్నాడో ఎవడికి తెలుసని చిన్నబ్బ మనసులో అనుకున్నాడు.

“తుక్కు కింద ఏమిస్తావు?”

ధనంజయ గొలుసును తూకంలో పడేశాడు. కరగబెట్టి యాసిడ్‌లో వేస్తే ఆవగింజంత బంగారం తేలుతుందని, గ్యాసు ఖర్చు పోను ఎనిమిది వందలు మిగిలితే గొప్పని లెక్క చెప్పాడు. అంతటితో ఊరుకోలేదు.

“నిన్ను కాదురా, దీన్ని మెడలో ఏసుకోని ఊరేగే ఆడోళ్లను అనాల. ఏది బంగారో ఏది ఇత్తడో తెలీని దద్దమ్మలు. మెరిస్తే సాలు వాళ్లకి.”

ఆ ఎనిమిది వందలు నువ్వే ఉంచుకో, చిత్తూరు బజారులో చూపించుకుంటానని చిన్నబ్బ చెయ్యి చాపాడు. ధనంజయ పిడికిలి గొలుసు మీద బిగుసుకుంది.

“కొండికాడ కొత్తగా తెగి ఉండాది. దీన్ని సూస్తే ఏ పోలీసోడికైనా కత అర్థమవుతాది. సిత్తూరు బజారుకి పోతావా, సిత్తూరు జైలుకి పోతావా?”

చిన్నబ్బ చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇప్పటికే ఒకసారి లోపలికి పోయి వచ్చినవాడు. ఇంకోసారి పోతే గడప తొక్కనివ్వనని పెళ్లాం తెగేసి చెప్పింది.

అప్పుడు ధనంజయ సొరుగు లాగి, ఐదు వేలు తీసి కౌంటరు మీదికి విసిరాడు. తీసుకుని ఊరు వదిలి పొమ్మన్నాడు. ఈ గొలుసు సంగతి ఎక్కడైనా ఎత్తితే మర్యాదగా ఉండదన్నాడు. ఇత్తడికి ఐదు వేలు ఎవడిస్తాడు? ఖాయంగా బంగారమే, నిలువునా ముంచేశాడు దొంగనాయాలు, అనుకుంటూ చిన్నబ్బ నోట్లు జేబులో కుక్కుకుని బయటపడ్డాడు.

అతను మెట్లు దిగాడో లేదో, ధనంజయ షట్టరు సగం దించాడు. ఈ అంగట్లో రోజూ కొన్నవన్నీ కలిపి పొద్దుగూకే ముందు ఒకేసారి కరిగిస్తారు. ఈరోజు ఒక్క గొలుసు కోసమే మంట వెలిగింది. కాసేపటికి మూసలో మిగిలింది ముమ్మాటికీ ఇత్తడే. దాన్ని చూసి అతను మొహం తుడుచుకుని, తాపీగా టీ తెప్పించుకున్నాడు.

టీ సగంలో ఉండగా కానిస్టేబుల్ మునికృష్ణ షట్టరు ఎత్తుకుని లోపలికి వచ్చాడు. సత్యవేడు నుంచి ఈమధ్యే బదిలీ మీద వచ్చిన మనిషి. అతని చేతిలో చిన్నబ్బ కాలరు ఉంది. రైల్వే గేటు పడి చిన్నబ్బ బండి ఆగితే జనం గుర్తుపట్టి పట్టుకున్నారు. వెనకాలే దేవకమ్మ వచ్చింది, గొలుసు పోగొట్టుకున్న ఆమె. గీసుకుపోయిన మెడకు కొంగు అదిమిపట్టుకుని ఉంది.

“ఈయమ్మ గొలుసు తెంపింది వీడే. ఐదు సవర్లు. నీకే అమ్మినాడంట,” అన్నాడు మునికృష్ణ.

ఇట్లాంటి వెధవలను తన అంగడి మెట్టు కూడా ఎక్కనివ్వనని ధనంజయ గోడ కేసి చూస్తూ అన్నాడు. చిన్నబ్బకు తిక్కరేగింది. ఇందాక తను నమ్మని మాటే ఇప్పుడు పనికొచ్చేట్టు కనిపించింది. ఇత్తడి దొంగకు శిక్ష తగ్గుతుందని ఆశపడ్డాడు.

“ఐదు సవర్లు యాడివి సార్? అది రోల్డుగోల్డు. ఈయప్పే ఆకురాయితో రుద్ది, గీసి సూపించినాడు. ఇత్తడని సెప్పి మళ్లా ఐదు వేలు ఎందుకిచ్చినాడో ఈయప్పనే అడుగు.”

మునికృష్ణ పెదవి విరిచాడు. ఇత్తడి గొలుసుకా స్టేషన్లో అంత ఏడుపు ఏడ్చావని దేవకమ్మను గద్దించాడు.

“మా నాయన సెనక్కాయలమ్మి సేయించిన బంగారు సార్ అది,” అంది దేవకమ్మ. “మూడేండ్ల కిందట బ్యాంకులో కుదవ పెట్టి విడిపించినాను. గీసి సూసినాకనే వాళ్లు అప్పిచ్చినారు. ఆ తర్వాత మెడలోంచి ఒక్కసారే తీసినాను, మెరుగు పెట్టించుకోనొస్తానంటే.”

“అట్లయితే మార్చింది ఆడనే. ఎవురి సేతికిచ్చినావు?” అడిగాడు మునికృష్ణ.

దేవకమ్మ చెయ్యెత్తి, కౌంటరు వెనకున్న తన మొగుణ్ణి చూపించింది.