ఇంట్లో పులి, రోడ్డులో పిల్లి

"ఇంట్లో ఉన్నంతసేపూ ఏ దిగులూ లేదే. నా ప్రాణం తీస్తున్నది రాడ్!"

వెండెల్ చేతిలో కాఫీ కప్పు గాల్లోనే ఆగిపోయింది.

ఆ గొంతు డెనీస్‌ది. ఓపల్ హోటల్లో సరిగ్గా అతని వెనక బల్ల దగ్గర కూర్చుని, చెల్లెలితో ఫోన్లో మాట్లాడుతోంది. ఇటు వెండెల్ ఉన్నాడని ఆమె చూసుకోలేదు. చూసుకుంటే అంత గొంతెత్తి అంటుందా?

ఆ ఉదయం హోటలంతా చావింటిలా ఉంది. ఊరు ఊరంతా నెత్తిన పెట్టుకునే జట్టు, హార్ల్‌బర్గ్ కాలేజీ పులులు, రాత్రి పొరుగూరు వెళ్ళి బాస్కెట్‌బాల్‌లో చిత్తుచిత్తుగా ఓడి వచ్చాయి.

"బుట్ట ఎక్కడుందో మనవాళ్ళకి ఎవరూ చెప్పలేదేమోరా," అన్నాడు పాల లారీ నడిపే లైల్, ఆమ్లెట్టుని పగబట్టినట్టు పొడుస్తూ. "ఆ కోర్టులో అడుగు పెట్టగానే కాళ్ళు వణికాయి వెధవలకి!"

వెండెల్ అలవాటుగా తలూపాడు. కోర్టులో కాళ్ళు వణకడమంటే ఏమిటో అతనికి తెలుసు.

"వాళ్ళ పొడుగోణ్ణి చూశావా? చెయ్యెత్తితే చాలు, బంతి బుట్టలో! మనకెందుకు పుట్టరే అలాంటి వాళ్ళు?" అంది ఓపల్, కాఫీ పోస్తూ.

పొరుగింటి పుల్లకూర రుచి. పొరుగూరి పొడుగోడు ఇంకా రుచి.

కానీ వెండెల్ చెవి అక్కడ లేదు. ఉన్న రెండు చెవుల్లో పనిచేసేది ఒకటే. దానికీ జలుబు. ఆ ఒక్కటీ వెనక బల్ల మీదే ఉంది.

"ఈ యేడంతా ఇంతేనే," అంటోంది డెనీస్. "రాడ్ అంటే చాలు, గుండె దడదడ. రాత్రి కన్ను మూస్తే ఒట్టు. శనివారం మళ్ళీ రాడ్. వెళ్ళకూడదనే అనుకుంటా. వెళ్ళకుండా ఉండలేనే!"

రాడ్!

ఊళ్ళో రాడ్ ఒక్కడే. పాత ట్రక్కులమ్మే రాడ్ కెస్లర్. అడుగో, కౌంటర్ దగ్గర ఎత్తు స్టూలెక్కి పాన్‌కేకుల మీద పాకం పోసుకుంటున్నాడు. నవ్వాడంటే ముప్ఫై రెండు పళ్ళూ హాజరు పలుకుతాయి. ఆ జుట్టొకటి, ఈ వయసులో కూడా దుబ్బులా! వెండెల్‌కి జుట్టు తల మీద లేదు, తలపులో ఉంది.

ఒళ్ళు భగ్గుమంది. రాత్రంతా గెంతినా పులులకి బుట్టలో బంతి పడలేదు. వీడు స్టూలు దిగకుండానే డెనీస్‌ని బుట్టలో వేసుకున్నాడు!

శనివారం డెనీస్‌ని నది ఒడ్డున చేపల హోటలుకి భోజనానికి రమ్మని అడగాలని వెండెల్ వారం నుంచీ మాటలు కూడగట్టుకుంటున్నాడు. ఇప్పుడవన్నీ దండగ! వేలికున్న ఉంగరాన్ని గిర్రున తిప్పాడు. పాస్టర్ ఎదుట నిలబడి, చావొచ్చి విడదీసేదాకా కలిసుంటామని ఇద్దరూ ప్రమాణం చేశారు. ఇంట్లో కాఫీ కాచిచ్చే దిక్కులేక ఓపల్ దగ్గరికొచ్చి తాగుతున్నాడు గానీ, వెండెల్ ఇంకా చావలేదే!

లేచాడు. నేరుగా కౌంటర్ దగ్గరికెళ్ళి, రాడ్ ముందున్న పళ్ళేన్ని పక్కకి లాగేశాడు.

"ఏరా రాడ్! శనివారం ఎక్కడికిరా ప్రయాణం?"

"ట్రక్కుల వేలానికి. ఏం, నువ్వూ వస్తావా?"

"నేనెందుకురా? నీకు డెనీస్ తోడుందిగా!"

ఓపల్ చేతిలో గరిటె ఆగింది. లైల్ నోట్లో ఆమ్లెట్ ఆగింది. రాడ్ పళ్ళు మొట్టమొదటిసారి పెదాల వెనక్కి వెళ్ళిపోయాయి.

"డెనీసా? నాతోనా?"

"నాటకాలాడకు! నీ మీద బెంగతో రాత్రిళ్ళు నిద్రే లేదట. తన నోటితో అంది. నా చెవులతో విన్నా."

"నీ చెవులతోనా!" అంది ఓపల్. "అయితే కూర్చో నాయనా. మొన్న నేను 'బిల్లు' అంటే, బిల్ ఎక్కడున్నాడని తలుపు వైపు చూశావు."

ఈలోగా డెనీస్ లేచింది. నెత్తిన పులి బొమ్మ టోపీ, చేతిలో ఇంకా కట్ చెయ్యని ఫోను.

"వెండెల్! రాడ్ కాదయ్యా మహానుభావా, రోడ్! రో...డ్!"

హోటలంతటికీ వినబడేలా విడమరిచింది.

"సొంతూళ్ళో ఆడితే ఇల్లు, పైఊరెళ్ళి ఆడితే రోడ్. ఈ ఊళ్ళో పుట్టి పెరిగావు, ఆ మాత్రం తెలీదా? మన పులులు ఇంట్లోనే పులులు. రోడ్డెక్కితే పిల్లులు. అదే మా చెల్లితో మొత్తుకుంటున్నా. శనివారం మళ్ళీ పైఊళ్ళోనే ఆట. అభిమానుల బస్సెక్కి నేనూ వెళ్తున్నా, దగ్గరుండి ఏడవడానికి!"

హోటల్ గొల్లుమంది. ఓడాక ఊరు నవ్వడం అదే మొదలు. లైల్ కళ్ళు తుడుచుకున్నాడు.

"పులులు మనందర్నీ రోడ్డున పడేస్తే, నువ్వు పాపం రాడ్‌ని రోడ్డున పడేశావు కదరా!"

రాడ్ పళ్ళు మళ్ళీ బయటికొచ్చాయి. వెండెల్ పాన్‌కేకుల పళ్ళేన్ని మెల్లిగా అతని ముందుకి తోశాడు. గుండెల మీంచి బండరాయి దిగింది. మొహం చేటంత అయింది.

"అంతేనా డెనీస్? రాడ్ లేడా?"

డెనీస్ టోపీ సర్దుకుని, అతన్ని ఎగాదిగా చూసింది.

"లేడు గానీ, ఒకవేళ ఉంటే మాత్రం నీకేమిటయ్యా, మనకి విడాకులై నాలుగేళ్ళయ్యాక?"