అవతలి ఒడ్డుకి ఎంత బ్యాటరీ

పడవ మోటారుకు ఎంత బ్యాటరీ కావాలని అడుగుతూ ఆమె మాటిమాటికీ వీధివైపు చూస్తోంది.

“సరస్సు దాటడానికి గంట, రావడానికి గంట,” అన్నాడు కొట్టతను. “మోటారు ముప్పై ఆంపియర్లు లాగుతుంది. రెండు గంటలకి అరవై. బ్యాటరీ సగం కంటే తగ్గితే మోటారు నడవదు కాబట్టి నూట ఇరవైది తీసుకోండమ్మా.”

ఆమె దాన్ని రెండు చేతులా పట్టి లేపబోయింది. కదల్లేదు.

“అరవైది ఇవ్వండన్నా.”

“తిరిగొచ్చేటప్పుడు నడి నీళ్లలో ఆగిపోతారు. ఇంత భయపడుతూ చిన్నది అడుగుతారేంటి? మీ ఆయన్ని పంపండి, పెద్దది మోసుకెళ్తాడు.”

బయట బైకు ఆగిన చప్పుడైంది. ఆమె గభాలున బల్ల వెనక నక్కింది. బైకు వెళ్లిపోయాక కూడా లేవలేదు.

“అన్నా, అరవైతో అవతలి ఒడ్డు చేరతామా? నేనూ, పాపా?”

“చేరతారు. తిరిగొచ్చేటప్పుడే...”

“తిరిగి రాం.”

కొట్టతను వంగి, నూట ఇరవై బ్యాటరీని భుజానికెత్తుకున్నాడు.

“ఎదురుగాలి కొడితే అరవై చాలదు. పడవ ఎక్కడుందో చూపించు తల్లీ.”