చల్లబడింది

ఎమర్జెన్సీ వార్డు దద్దరిల్లేలా ఏడుస్తున్న మూడేళ్ల పాప ఉన్నట్టుండి ఏడుపు ఆపేసింది. అంతవరకూ ఎవరికీ వినపడని ఫ్యాను చప్పుడు ఇప్పుడు పెద్దగా వినిపించసాగింది.

"హమ్మయ్య! జ్వరం దిగింది సిస్టరమ్మా, ఒళ్ళు చల్లబడింది. ఇక మేం వెళ్ళొస్తాం," అంటూ అమ్మమ్మ పాపని భుజాన వేసుకుని లేచింది. "ఇల్లు పీకి పందిరేసే పిల్ల. చూడండి, ఎంత బుద్ధిగా ఉందో!"

బెంచీ కింద చెప్పులు వెతుక్కుంటున్న తల్లి నవ్వింది. నర్సు కూడా నవ్వబోయి ఆగింది. భుజం మీద పాప నిద్రపోలేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. నర్సు వాటి ముందు వేళ్ళు ఆడించింది. పాప చూపు వేళ్ళ వెంట రాలేదు.

"ఉండండి మామ్మగారూ. చల్లబడిందని ఎక్కడ పట్టుకుని చూశారు?"

"ఎక్కడేంటమ్మా? చేతులూ, కాళ్ళూ."

నర్సు పాదాలు పట్టుకుంది. మంచుగడ్డల్లా ఉన్నాయి. గౌను పైకెత్తి పొట్ట మీద చెయ్యి వేసింది. పెనంలా కాలిపోతోంది.

పాపని లాక్కున్నట్టే అందుకుని మంచం మీద పడుకోబెట్టింది. ఛాతీ మీద బొటనవేలితో కాసేపు నొక్కి వదిలింది. అక్కడ తెల్లటి గుర్తు పడింది. రెప్పపాటులో అందులోకి రక్తం తిరిగి రావాలి.

"డాక్టర్! త్వరగా రండి, పాప షాక్‌లోకి వెళ్తోంది!"

ఆ కేకకి వార్డులో పడుకున్నవాళ్ళంతా లేచి కూర్చున్నారు. పాప మాత్రం ఉలిక్కిపడలేదు.

ఒక చేత్తో చెప్పులు పట్టుకునే తల్లి కూతురి మీదికి వంగింది.

"సిస్టర్," అంది చాలా నెమ్మదిగా, "మీ వేలి గుర్తు ఇంకా పోలేదేంటి?"