ముక్కుల చప్పుడు

"బుడగా! ఒరేయ్ బుడగా!"

తల్లి బాతు రెల్లు పొదలన్నీ వెతికింది. పిల్లాడు ఎక్కడా కనిపించలేదు.

ఆ పొద్దున్నే సముద్రం వైపు నుంచి గూడబాతులు వచ్చి కొలనులో వాలాయి. తెల్లగా, తెరచాపల్లా ఎంత అందంగా ఉన్నాయో! కానీ దిగీదిగగానే మూడుసార్లు ముక్కులు టపటపలాడించాయి. ఈ కొలనుకి కొత్తగా వచ్చినవాళ్లు మెడ వంచి మౌనంగా నిలబడాలి. ముక్కు చప్పుడు చేస్తే పోట్లాటకి వచ్చినట్టే.

"ముక్కు కింద ఆ సంచులెందుకనుకున్నావే? పిల్లల్ని మింగడానికే! నా కళ్లతో చూశాను," అన్నాడు ఒడ్డున నిలబడ్డ కొంగ తాత, వెతుకుతున్న తల్లితో.

తల్లి నేరుగా పెద్ద గూడబాతు ముందుకెళ్లింది. "ఏదీ, ఆ సంచి తెరువు!"

అది నోరు బార్లా తెరిచింది. లోపల ఏమీ లేదు. "మా ముక్కులు ఖాళీ, భయపడకండి అని చెప్పడానికే కదమ్మా ఆ చప్పుడు! మా వైపు దండం పెట్టడమంటే అదే."

అంతలో దాని రెక్క కింద నుంచి బుడగ తల బయటపెట్టాడు. "అమ్మా, ఇక్కడ ఎంత వెచ్చగా ఉందో!"

తల్లికి ప్రాణం లేచొచ్చింది. వాణ్ణి ముక్కుతో నిమిరి, కొంగ వైపు తిరిగింది. "ఏం తాతా, నీ కళ్లతో చూశావా?"

కొంగ తాత మెడ నీళ్లదాకా వంచాడు.

"లేదమ్మా. ఆ చప్పుడుకి జడిసి కళ్లు మూసుకున్నాను."