డ్రమ్ములు లేని ఆరో ఆల్బం

"ఆరో ఆల్బంలో అన్నీ పాత కీర్తనలేరా వెండెల్. డ్రమ్ములుండవు," అన్నాడు లైల్, నేల చూపులు చూస్తూ.

అమెరికాలోని టల్సా ఊరి చర్చిలో వాళ్ల రాక్ బ్యాండు పుట్టిననాటి నుంచీ పాట లైల్‌ది, డ్రమ్ములు వెండెల్‌వి. మొదటి ఆల్బం మోతకి గోపురం మీది పావురాలు వెళ్లి పక్కవీధి మెథడిస్టుల చర్చిలో కలిసిపోయాయి.

వెండెల్ తాపీగా కర్రలు సంచిలో సర్దుకున్నాడు.

"ఆల్బానికో డ్రమ్ము ఎందుకు తగ్గించుకుంటూ వచ్చాననుకున్నావ్?"

"నడుం నొప్పన్నావుగా."

"నా నడుం ఉక్కుముక్క. మొదట్లో నీ గొంతు వింటే పాస్టరుగారు నిన్ను వేదిక దింపేస్తారని అంత గట్టిగా బాదేవాణ్ణి. నువ్వు నేర్చుకున్నకొద్దీ తగ్గించాను."

లైల్ తలెత్తి చూశాడు.

"అయితే ఇప్పుడు బాగా పాడుతున్నట్టేనా?"

"ఐదో ఆల్బంలోనే డ్రమ్ములు పూర్తిగా మానేద్దామనుకున్నాను. అందులో నీ రెండో పాట విని ఒక డ్రమ్ము ఉంచేశాను."