మనోడే

"ముందు గ్లాసు తిప్పండి. తర్వాత వాసన చూడండి. అయ్యో, మంచినీళ్ళలా గటగటా తాగేస్తే ఎలా!"

నిరోషా తమిళంలో మొత్తుకుంది. ఈశ్వరన్ నవ్వి గ్లాసు దించాడు.

ప్రతి ఆదివారం ఆమె కోవిల్‌పట్టి నుంచి బస్సెక్కి విరుదునగర్‌లోని ఈ హోటల్ బార్‌కి వస్తుంది. చలికొండల మీద పండిన ద్రాక్షతో చేసిన ఖరీదైన వైన్లు, తెల్లదీ ఎర్రదీ, రుచి చూపించడం ఆమె ఉద్యోగం. కానీ వచ్చేవాళ్ళేరీ? తెలిసినవాళ్ళు చూస్తారని అందరికీ భయం. నూనె మిల్లులో పనిచేసే ఈశ్వరన్ ఒక్కడే ఠంచనుగా వస్తాడు. అతనితో మాట్లాడే ఆ కాసేపే ఆమెకి వారం మొత్తమ్మీద మాటలు.

ఎండాకాలంలో ఒకసారి, అతనికి తెలుగు రాదన్న ధైర్యంతో, ఇక్కణ్ణుంచే ఫోన్ స్పీకర్లో పెట్టి తమ ఇంటి తెలుగులో అమ్మకి అతని సంగతి చెప్పింది.

"మనోడా?" అంది అమ్మ.

"తమిళాయనమ్మా."

"అట్లైతే ఆ పేచ్చే వద్దు, ఆ మాటే ఎత్తొద్దు. మన మాట మాట్లాడేవోణ్ణి చూపీ, రేపే ఒప్పుకుంటాను."

అప్పుడు ఈశ్వరన్ పక్క బల్ల దగ్గరే గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు.

ఈరోజు తెల్ల వైన్ నోట్లో పోసుకుని కళ్ళు మూసుకున్నాడు.

"పచ్చి మామిడికాయ కొరికిన మాదిరి ఉండాది."

తెలుగు!

నిరోషా సీసా బల్ల మీద పెట్టేసింది. "మీరు మనోళ్ళా?"

"ఏం, కాకూడదా?"

"ఇన్నాళ్ళూ చెప్పలేదే!"

"మీరడగలేదే. ఇంటి బాస ఇంట్లోనే కదా. బయటికొస్తే అంతా తమిళమే."

అదీ నిజమే. ఆమె కూడా అంతేగా! మాటలు కాస్త తడబడుతున్నాయి గానీ, విరుదునగర్ వాళ్ళ తెలుగు ఇలాగే ఉంటుందేమో. గబగబా ఎర్రది పోసింది.

"దీన్ని చెప్పండి."

"నేరేడు పండు. వెనకాల్నే మిరియం. చలిలో మెల్లగా పండిందని చెప్తిరి కదా, దీనికి తొందర లేదు."

"నాకుండాది," అనేసి నాలుక కరుచుకుంది.

అక్కడే నిలబడి అమ్మకి ఫోన్ కొట్టింది. "అమ్మా, ఈశ్వరన్ మనోడే!"

"ఇంటిపేరు అడిగితివా?"

నిరోషా అతనివైపు తిరిగింది. "అమ్మ మీ ఇంటిపేరు అడగతా ఉండాది."

ఈశ్వరన్ ఒక్క క్షణం తటపటాయించాడు. "ముందు మీది చెప్పండి."

"వల్లూరి."

అతని ముఖం వెలిగిపోయింది. "మాదీ అదే!"

ఫోన్లో అమ్మ వినేసింది.

"ఒకే ఇంటిపేరైతే నీకు అన్న అవుతాడు పాపా. సంబందం కుదరదు. అన్నని ఒకసారి అన్నానికి పిల్చుకురా."

నిరోషా ఫోన్ పెట్టేసింది.

"ఏమన్నారు అమ్మ?" ఇంకా నవ్వుతూనే ఉన్నాడు ఈశ్వరన్.

"వల్లూరోళ్ళంతా అన్నాచెల్లెండ్లంట." ఆమె బల్ల తుడవడం మొదలుపెట్టింది. "ఇంకొంచెం పొయ్యనా... అన్నా?"

అతను గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. మెల్లగా లేచి మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

అతను వదిలేసిన ఎర్ర వైన్ నిరోషా ఒక్క గుక్కలో తాగేసింది. నేరేడు ఎక్కడా తగల్లేదు. ఒట్టి మిరియమే.

ఆ తెలుగు అతను ఆమె కోసమే నేర్చుకున్నాడు.